బర్నింగ్ స్పియర్ గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

పెదవాల్తేరు నుంచి:
నిన్న సాయంత్రం లాసన్స్ బే దగ్గర టీ తాగుతుంటే పక్క కుర్రాడి ఫోన్‌లో ఒక పాట వినిపించింది. ట్రంపెట్లు, బరువైన బేస్, మధ్యలో మంత్రం చదివినట్టు ఒక గొంతు. ఎవరని అడిగితే బర్నింగ్ స్పియర్ అన్నాడు. ఇంటికొచ్చాక ఒంటిగంట దాకా అదే విన్నాను. బాబ్ మార్లీ తప్ప రెగేలో, అదే ఆ జమైకా సంగీతంలో, నాకెవరూ తెలీదండి. ఈయనెవరు? గార్వీ గార్వీ అని ఎందుకంత తపిస్తాడు?

గాజువాక నుంచి:
అసలు పేరు విన్‌స్టన్ రాడ్నీ. 1945లో జమైకాలోని సెయింట్ ఆన్స్ బేలో పుట్టారు. మార్కస్ గార్వీ పుట్టిందీ ఆ ఊళ్లోనే, 1887లో. నల్లజాతివాళ్లు తలెత్తుకుని బతకాలని పోరాడిన మనిషి, రాస్తాఫారీలకు (జమైకాలో పుట్టిన ఒక మతోద్యమం వాళ్లు) ప్రవక్తలాంటివాడు. సొంత ఊరివాణ్ణి జనం మర్చిపోతున్నారన్న బాధే ఆ పాటల్లో వినపడేది. స్టేజీ పేరు కెన్యా నాయకుడు జోమో కెన్యాట్టా బిరుదు నుంచి తీసుకున్నారు. 1969 ప్రాంతంలో పాడాలనుందని మార్లీని అడిగారట, అదీ ఎక్కడ, మార్లీ గాడిదను తోలుకుని, బకెట్లూ మొక్కలూ పట్టుకుని పొలానికి పోతుంటే దారిలో. స్టూడియో వన్ అనే రికార్డింగ్ స్టూడియోకి వెళ్లమన్నాడు మార్లీ. అలా మొదలైంది.

ఎంవీపీ కాలనీ నుంచి:
1975లో వచ్చిన 'మార్కస్ గార్వీ' ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. బయటి దేశాల్లో అమ్మడానికి కంపెనీ దాని మిక్సింగ్ మార్చేస్తే ఆయనకి అస్సలు నచ్చలేదు. తర్వాత సొంత లేబుల్ పెట్టుకున్నారు, అందులోంచి వచ్చిన 'జా ఈజ్ రియల్'కే 2009లో గ్రామీ వచ్చింది (2000లో ఒకటి అప్పటికే ఉంది). నాకు మాత్రం ఆ గ్రామీల కంటే ఈ పట్టుదలే గొప్పగా అనిపిస్తుంది. మన వంగపండు గారి పాటలు విన్నవాళ్లకి ఈయన కొత్తగా అనిపించరు, ఒక్క మాట పట్టుకుని అది గుండెలో దిగేదాకా తిప్పి తిప్పి పాడతారు.
ఇంకోటి, వినేటప్పుడు నాలుగు లెక్కపెట్టుకోండి. రెగేలో చాలా పాటలకి ఒకటో లెక్క మీద డ్రమ్ దెబ్బ పడదు, మూడు మీద పడుతుంది. రెండూ నాలుగూ మీద గిటార్ చక్, చక్ అంటుంది.

పెదవాల్తేరు నుంచి:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇప్పుడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టేబుల్ మీద వేలితో లెక్కపెట్టాను. ఒకటి దగ్గర నా వేలు పడుతోంది, అక్కడ డ్రమ్ లేదు. ఇన్నాళ్లూ మార్లీని విన్నాను గానీ ఇది పట్టుకోలేదు. ఆల్బమ్ మొత్తం ఈ రాత్రికే వింటాను.