నాన్న ఎక్స్‌రే రిపోర్టులో "రైట్ అప్పర్ జోన్" అని ఉంది, అర్థం చెప్పండి

మంజీర తీరం: నాన్నకు నెల నుంచి దగ్గు. ఛాతీ ఎక్స్‌రే రిపోర్టులో "రైట్ అప్పర్ జోన్‌లో ఒపాసిటీ, హైలమ్ నార్మల్, సీపీ యాంగిల్స్ క్లియర్" అని రాశారు. ఒపాసిటీ అంటే మచ్చ అట, కానీ ఫిల్ములో ఆ మచ్చ ఎడమ పక్కన కనబడుతోంది. డాక్టర్ గారు రేపు చూస్తారు. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు.

గట్టు మీది ఇల్లు: రిపోర్టు తప్పు కాదండి. నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఫిల్ము చూసేటప్పుడు పేషెంట్ మనకు ఎదురుగా నిలబడ్డట్టు లెక్క, ఆయన కుడి మనకు ఎడమ. మూలన "ఆర్" గుర్తు ఉంటుంది, చూడండి.

ఇంకోటి, జోన్ వేరు, లోబ్ (ఊపిరితిత్తిలో సహజంగా ఉండే భాగం) వేరు. కుడి ఊపిరితిత్తికి లోబ్‌లు మూడు, ఎడమదానికి రెండు. వాటి మధ్య గీత ఏటవాలుగా పోతుంది కాబట్టి కింది లోబ్ వీపు వైపు చాలా పైదాకా వస్తుంది. ఎదురుగా తీసిన ఫిల్ములో మచ్చ ఏ లోబ్‌దో చాలాసార్లు తేలదు. అందుకే ఫిల్ములో ఊపిరితిత్తిని అడ్డంగా విడదీసి పై (అప్పర్), మధ్య, కింది జోన్లని రాస్తారు. లోబ్ తేలాలంటే పక్క నుంచి ఎక్స్‌రే గానీ సీటీ గానీ తీయాలి.

పల్లవి అమ్మ: కుడి ఊపిరితిత్తి అంటే గుర్తొచ్చింది, మా బాబుకు రెండేళ్లప్పుడు పల్లీ గింజ లోపలికి పోయి కుడి గాలి గొట్టంలో ఇరుక్కుంది. కుడి గొట్టం ఎడమదాని కంటే వెడల్పు, నిటారు కూడానట. బ్రాంకోస్కోపీతో (గాలి గొట్టంలోకి కెమెరా ఉన్న గొట్టం పంపి) తీసేదాకా నా ప్రాణం నాలో లేదు.

మంజీర తీరం: మరి హైలమ్, సీపీ యాంగిల్?

గట్టు మీది ఇల్లు: హైలమ్ అంటే గాలి గొట్టాలు, రక్తనాళాలు ఊపిరితిత్తిలోకి వెళ్లే ద్వారం. అక్కడ గ్రంథులు వాస్తే పెద్దదిగా కనిపిస్తుంది. సీపీ యాంగిల్ అంటే కింద పక్కటెముకలు, డయాఫ్రం కలిసే మూల. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే ఆ మూల మొద్దుబారుతుంది. మీ నాన్నగారికి క్లియర్ అన్నారుగా, అది మంచి మాటే.

పాలేరు శీను: అన్నా, నాకు ఎపెక్స్‌లో మచ్చ వచ్చింది. ఎపెక్స్ అంటే ఊపిరితిత్తి కొన, కాలర్ ఎముకకు పైదాకా ఉంటుంది. నాది టీబీ. ఆరు నెలలు మందులు వాడి తగ్గించుకున్నాను. టీబీ ఎక్కువగా పైభాగంలోనే వస్తుంది కానీ పైన మచ్చ ఉన్నంత మాత్రాన టీబీ అనుకోవద్దు, న్యుమోనియా కూడా కావచ్చు. కళ్లె పరీక్ష చేయించండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

మంజీర తీరం: "ఆర్" గుర్తు కనిపించింది. కళ్లె డబ్బా తెచ్చాను, పొద్దున్నే నాన్న చేత ఇప్పిస్తాను.