రివెట్‌ను 'మేకు' అని రాయవచ్చా?

ప్రశ్న: ఇంటి షెడ్డులోనే చిన్న విమానం కట్టుకునేవాళ్ల గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. అమెరికాలో ఆరెగాన్‌కు చెందిన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ల ఆర్‌వీ కిట్లు (మనమే బిగించుకునేలా విడిభాగాలుగా వచ్చే విమానాలు) ఉదాహరణగా తీసుకున్నాను. "అల్యూమినియం రేకులకు మేకులు కొట్టి బిగిస్తారు" అంటే సరిపోతుందా?

జవాబు: మేకు వద్దండీ. మేకును ఒకవైపు నుంచి దిగ్గొడతాం, కావాలంటే పీకేస్తాం. రివెట్‌ను రెండు రేకుల చిల్లులోకి దూర్చాక, అవతలికి వచ్చిన కాడను నలగ్గొట్టి అక్కడ ఇంకో తల చేస్తారు. కాడ ఉబ్బి చిల్లంతా నిండిపోతుంది. తీయాలంటే తల మీద డ్రిల్ పెట్టాల్సిందే. చీల అన్నా ఇదే చిక్కు: బండి ఇరుసుకు పెట్టే చీల ఊడదీసుకోవడానికి వీలుగా ఉంటుంది. రివెట్ అనే ఉంచండి, పనివాళ్లు అనేదీ అదే.

నాకు పట్టుదలంతా ఆ రెండు తలల మీద. ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాన్ని 'పుట్టుతల', మనం చేసేదాన్ని 'కొట్టుతల' అందాం. పుట్టుమచ్చ తెలిసినవాళ్లకు పుట్టుతల వివరించక్కర్లేదు. పనితనం తెలిసేది మాత్రం కొట్టుతలలోనే. ఒకరు బయట నిలబడి గాలితో నడిచే రివెట్ గన్‌ను పుట్టుతలకు ఆనిస్తారు. ఇంకొకరు లోపలికి చెయ్యి పెట్టి, బరువైన ఉక్కు దిమ్మెను కాడకు అదిమి పట్టుకుంటారు. గన్ టపటపా కొడుతుంటే కాడ దిమ్మెకు అణిగి వెడల్పవుతుంది. దిమ్మె కాస్త వాలిందా, కొట్టుతల పక్కకు ఒరిగిపోతుంది. కాడ మందం 3.2 మి.మీ. అయితే కొట్టుతల వెడల్పు సుమారు 4.8, ఎత్తు 1.6 ఉండాలి. అంటే మందానికి ఒకటిన్నర రెట్లు, సగం. వేల రివెట్లలో ప్రతిదాన్నీ ఈ లెక్కన చూసుకోవాలి. మెల్లగా ఎక్కువసేపు కొట్టడమూ మంచిది కాదు, దెబ్బలు తినేకొద్దీ అల్యూమినియం గట్టిపడి పగుళ్లివ్వచ్చు.

మరొకరు: మాట బాగుంది. కానీ కొట్టు అంటే అంగడి కూడా కదా, పాఠకులు తికమకపడరా?

జవాబు: పడరండీ, పక్కనే పుట్టుతల ఉంటుంది కాబట్టి. పైగా ఇంగ్లీషులో దాన్ని షాప్ హెడ్ అనే అంటారు! అక్కడ షాప్ అంటే పనిచేసే చోటు లెండి. అయినా రెండు భాషలూ ఇలా ఒకచోట కలిసినందుకు నాకు భలే సంతోషంగా ఉంది.

ప్రశ్న అడిగినవారు: మరి క్రియ? అన్నిచోట్లా 'రివెట్ కొట్టడం' అనవచ్చా?

జవాబు: ఆర్‌వీ-7 లాంటివాటికి నిస్సందేహంగా అనండి. ఆర్‌వీ-12లో ఎక్కువగా పాప్ రివెట్లు వాడతారు. వాటికి లోపల దిమ్మె పట్టేవాళ్లు అక్కర్లేదు. బయటి నుంచే మధ్యలోని పిన్నును పరికరంతో లాగితే అవతలి కొస ఉబ్బుతుంది, పిన్ను తెగి చేతికొస్తుంది. అక్కడ 'రివెట్ లాగడం' అని రాయండి, కొట్టుతల మాట వాడకండి.