పాత చర్చి లోపల ఫ్లాష్ లేకుండా ఫోటోలు ఎలా తీయాలి?

ప్రశ్న: రాతి గోడల పాత చర్చి, కిటికీ వెలుగుతోనే తీయాలని ఉంది. రంగుటద్దాలకు ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు) పెడితే బెంచీలు నల్లగా మునిగిపోతున్నాయి, బెంచీలకు పెడితే అద్దాలు తెల్లగా తేలిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ప్రార్థన లేని వేళ వెళ్లి, ట్రైపాడ్‌కి (మూడుకాళ్ల స్టాండ్) అనుమతి అడగండి. ఇస్తే ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందన) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 8 పెట్టి, రెండేసి స్టాప్‌ల తేడాతో (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు లేదా సగం) మూడు నుంచి ఐదు షాట్లు తీసి తర్వాత కలపండి, కానీ నీడల్ని మరీ పైకి లేపకండి, చీకటంతా పోతే అది ఆఫీసు గదిలా కనిపిస్తుంది.

జవాబు: నేనైతే మబ్బు పట్టిన రోజే వెళ్తాను, కిటికీకీ లోపలికీ వెలుగు తేడా బాగా తగ్గుతుంది. అద్దాల రంగులు ఎర్రగా నీలంగా నేల మీద పరుచుకోవాలంటే మాత్రం ఎండ ఉండాల్సిందే. చాలా పాత చర్చిల్లో బలిపీఠం తూర్పున ఉంటుంది, అక్కడ కిటికీ ఉంటే పొద్దున్నే వెళ్లండి.

అడిగినవారు: ట్రైపాడ్ వద్దన్నారండి!

జవాబు: అయితే కెమెరాను బెంచీ అంచు మీద ఆనించి రెండు సెకన్ల టైమర్‌తో నొక్కండి. రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయని అసలు ఫైల్) తీయండి, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు చీకట్లు చూపే గ్రాఫ్) కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకోండి. లోపల బల్బులుంటే కాసేపు ఆర్పమని అడగండి, పసుపు వెలుగూ పగటి వెలుగూ కలిస్తే వైట్ బ్యాలెన్స్‌తో (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దడం) పెద్ద తలనొప్పి.