తమ్మెయా, తమ్మియా?

ప్రశ్న: రేడియో గెలాక్సీల (రేడియో తరంగాలను బలంగా వెలువరించే గెలాక్సీల) గురించి చాలా ఏళ్ల క్రితం చదివిన వ్యాసంలోని ఒక వాక్యం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. “నడుమ చిన్న చుక్క, అటొక తమ్మె, ఇటొక తమ్మె” అని గుర్తు. ఆ చివరి అక్షరం ‘మ్మె’యో ‘మ్మి’యో తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు 1: తమ్మె అనే ఉండాలి. ఇంగ్లీషులో వాటిని లోబ్ అంటారు; ఆ మాటకు గ్రీకు మూలంలో ఉన్న అర్థం చెవితమ్మే. సిగ్నస్ ఏ అనే రేడియో గెలాక్సీ నుంచి వచ్చే రేడియో తరంగాలకు మూలం ఒక్కటి కాదని, రెండు వేర్వేరు ప్రాంతాలని 1953లో జెన్నిసన్, దాస్ గుప్తా చూపారు. గెలాక్సీకి చెరోవైపున ఉబ్బి ఉన్న ఆ ప్రాంతాలకు ఇంతకన్నా ఒదిగే మాట మనకు లేదు.

జవాబు 2: నాకు తమ్మి, అంటే తామరపువ్వు అనే తోస్తుంది. సిగ్నస్ ఏలో కేంద్రం నుంచి బయలుదేరిన సన్నని ధార, చాలా దూరం చెదరకుండా సాగి, చివర గెలాక్సీల మధ్యనున్న వాయువును ఢీకొన్న చోట ప్రకాశిస్తుంది. అది తూడు (కాడ) చివర విచ్చిన తమ్మి కాదా? తమ్మిచూలి, తమ్మికంటి అనుకున్న భాషలో ఈ పోలిక తట్టకుండా ఉంటుందా?

జవాబు 1: మీ పోలిక ఒక తరగతికే చెల్లుతుందండీ. 1974లో ఫనరాఫ్, రైలీ చేసిన రేడియో గెలాక్సీల విభజనలో మొదటి తరగతివాటికి వెలుగంతా కేంద్రం దగ్గరే ఉండి, దూరం పోయేకొద్దీ పొగలా పలచబడుతుంది. వాటిలో పువ్వెక్కడిది?

జవాబు 3: బహువచనం గుర్తుంటే చిక్కే లేదు; ఒకటి తమ్మెలు, మరొకటి తమ్ములు. అయితే మీరిద్దరూ పక్కనుంచి చూసిన రూపం గురించే వాదిస్తున్నారు. శక్తిమంతమైన రేడియో గెలాక్సీలూ, క్వేసార్లూ (కేంద్రం అతి ప్రకాశంగా కనిపించే గెలాక్సీలు) ఒకే జాతివని, ధార మన చూపురేఖకు సుమారు 45 డిగ్రీల లోపు వాలి ఉంటే కేంద్రం నేరుగా కనిపించి క్వేసార్ అవుతుందని, అంతకు మించితే ధూళివలయం దాన్ని కప్పేస్తుందని 1989లో బార్తెల్ ప్రతిపాదించారు. కాంతివేగానికి దగ్గరగా మనవైపు వచ్చే ధార మరింత ప్రకాశిస్తుంది, అటు పోయేది మసకబారుతుంది. అందుకే క్వేసార్లలో పువ్వులు రెండున్నా తూడు తరచు ఒక్కటే కనిపిస్తుంది. ధార కనిపించే వైపు తమ్మె నుంచి వచ్చే తరంగాల ధ్రువణం (కంపనాలు ఒకే దిశలో ఉండటం) తక్కువగా చెదురుతుందని 1988లో తేలింది; అంటే అవి దారిలో తక్కువ వాయువును దాటి వస్తున్నాయి కనుక, అది మనకు దగ్గరిదని కూడా చెప్పగలం.

ప్రశ్న అడిగినవారు: దగ్గరిది, దూరపుది అన్న ఆ మాటతో నా అనుమానం అక్షరం నుంచి ముందు పదాలకు పాకింది. అక్కడ “అటొక, ఇటొక” అని కాక “అవతలొక, ఇవతలొక” అని ఉందేమో. అదే నిజమైతే ఆ వ్యాసం రేడియో గెలాక్సీ గురించి కాక క్వేసార్ గురించి అయి ఉండవచ్చు.