గార్డు లేదని షెడ్డే ఆపేస్తారా?

జీడిమెట్ల_ప్రెస్: మాది పవర్ ప్రెస్ (రేకుని నొక్కి కోసే, వంచే మిషను) షాపు, 28 మంది. గార్డులు (చెయ్యి మిషన్లో పడకుండా పెట్టే అడ్డు) లేవని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ రెండు ప్రెస్సులు ఆపించాడు. 19 రోజులు! జరిమానా ఇంకా పడనే లేదు, ఈలోపే కస్టమర్ తన డైలు (ప్రెస్సులో పెట్టే అచ్చులు) వెనక్కి తీసుకెళ్లి పుణె వెండర్‌కి ఇచ్చేశాడు. నోటీసు సంగతి తెలిసి బ్యాంకువాళ్లు సీసీ (క్యాష్ క్రెడిట్ అప్పు) లిమిట్ రెన్యువల్ పక్కన పెట్టారు. పెద్దోళ్లకి లేని రూల్ మాకే ఎందుకు?

విశాఖ_సేఫ్టీ: పెద్దోళ్లకి లేదని ఎవరన్నారండీ? 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫార్మా కంపెనీ ప్లాంటులో పేలుడు. ఆ రోజే షేరు పడింది. ప్లాంటు దాదాపు 90 రోజులు ఆపుతున్నామని కంపెనీయే చెప్పుకుంది. చనిపోయినవాళ్ల కుటుంబాలకి కోటి చొప్పున ప్రకటించింది. 2020లో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైన మర్నాడే ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 50 కోట్లు జమ చెయ్యమంది. చట్టంలో జరిమానా ఎంతని? 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం మనిషి పోతే కనీసం 25 వేలు. కంపెనీని ముంచేది అది కాదు.

లా_రావు: 25 వేలు కాదు. లక్ష. సెక్షన్ 92 చదవండి.

విశాఖ_సేఫ్టీ: లక్ష గరిష్ఠం సార్. నేను కనీసం అన్నాను.

లా_రావు: అలాంటప్పుడు రెండూ రాయాలి. పైగా 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం బదులు కొత్త కార్మిక భద్రతా కోడ్ వచ్చింది. మరణానికి జరిమానా 5 లక్షలకి తగ్గదు, రెండేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు. జరిమానాలో కనీసం సగం కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకుంది.

చాయ్_బిస్కట్: ఆయన షాపు ఆగిపోయిందంటే మీరు సెక్షన్లు పంచుకుంటున్నారేంటి 😀

జీడిమెట్ల_ప్రెస్: అసలు గార్డులు నేను పెట్టించా. చెయ్యికి అడ్డమని ఊడబీకింది కుర్రాళ్లే. నోటీసు మాత్రం నా పేరు మీద!

పాత_ఆపరేటర్: ఎందుకు పీకుతామన్నా, సరదాకా? పీసు లెక్కన కూలి. గార్డు ఉంటే కౌంట్ రాదు, కౌంట్ రాకపోతే సూపర్‌వైజర్ బూతులు. నా చూపుడు వేలు సగమే ఉంది. తలుపు సందులో నలిగిందని చెప్పమన్నారు ఆస్పత్రిలో. ఈఎస్ఐ కార్డు అడిగితే మరుసటి నెల గేటు దగ్గరే ఆపేశారు.

జీడిమెట్ల_ప్రెస్: మీ ఓనరు చేసింది నాకు అంటగట్టకు. పని లేని 19 రోజులు వడ్డీ కట్టింది నేను.

పాత_ఆపరేటర్: ఆ 19 రోజులు కుర్రాళ్లకి కూలి ఇచ్చారా?

జీడిమెట్ల_ప్రెస్: వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు.

విశాఖ_సేఫ్టీ: 28 మందిలో ఎంతమంది?

జీడిమెట్ల_ప్రెస్: 17. అవును, రోల్స్‌లో లేరు. అందరికీ పీఎఫ్, ఈఎస్ఐ కడితే కస్టమర్ అడిగే రేటుకి పీసు ఇవ్వలేను. మీలో ఎవరైనా ఒక్క నెల నడిపి చూపించండి.

పాత_ఆపరేటర్: రేటు కోసింది కస్టమర్. తిట్లు ఇన్‌స్పెక్టర్‌కి. వేళ్లు మావి.

చాయ్_బిస్కట్: 🙏

పాత_ఆపరేటర్: ఒకటి చెప్పన్నా. ఆ ప్రెస్సులకి ఇప్పుడు గార్డులున్నాయా?

జీడిమెట్ల_ప్రెస్: ఒకదానికి ఉంది.