బతుకమ్మ ఫోటోల్ల పూలు క్లియర్‌గ ఉన్నయ్, మనుషులే అలికినట్టు వస్తున్నరు, ఎట్ల?

కొత్తకెమెరా_ఓరుగల్లు:
అన్నలూ ఒక డౌటు. పోయిన నెల సెకండ్‌హ్యాండ్‌ల కెనాన్ 1500డి కొన్న, దాంతోటి వచ్చిన 18-55 లెన్సే ఉంది. ఎంగిలిపూల నాడు మా వాడకట్టుల ఆడోళ్లు బతుకమ్మ ఆడుతుంటే రెండొందల ఫోటోలు తీసిన, ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌ల చూస్తే పది కూడ పనికిరాలే. మధ్యల పెట్టిన బతుకమ్మలు మంచిగనే ఉన్నయ్ గానీ చుట్టు తిరిగేటోళ్ల చేతులు, మొఖాలు అన్నీ అలికినట్టే. ఆటోల పెడితే ఫ్లాష్ దానంతటదే లేస్తుందని మా అక్క తిట్టింది, బంద్ చేసిన. లెన్స్ మీద ఐఎస్ (వణుకు తగ్గించేది) ఆన్‌లనే ఉంది మరి. 50ఎంఎం లెన్స్ కొనాల్నా? సద్దుల నాటికన్న సెట్ కావాలె, ఫోన్‌లనే మంచిగొస్తయ్ కదరా అని ఇంట్ల ఇప్పటికే నవ్వుతున్నరు.

గోదారిగట్టు:
జవాబు మీ ప్రశ్నలోనే ఉందండి. బతుకమ్మ షార్ప్‌గా వచ్చిందంటే మీ చెయ్యి వణకలేదు, షట్టర్ స్పీడే (షట్టర్ ఎంతసేపు తెరిచుంటుందనేది) చాల్లేదు. ఐఎస్ మన చేతి వణుకుని సర్దుతుంది గానీ ఎదురుగా తిరిగేవాళ్ళని ఆపదు కదా. ఆ ఫోటోల మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడండి, సెకనులో 1/30 వంతో 1/40 వంతో ఉండుంటుంది. డయల్ టీవీ మీద పెట్టి (కెనాన్‌లో షట్టర్ ప్రయారిటీ పేరు అదే, నేనైతే మొదట్లో టీవీకి కనెక్ట్ చేసేదేమో అనుకుని ముట్టుకోలేదు 😄) 1/200 పెట్టండి, ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) ఆటోలో వదిలేయండి. 3200, 6400 దాకా పోయి గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తుంది, రానివ్వండి, గ్రెయిన్ ఉన్న ఫోటో ఇంట్లోవాళ్ళు చూస్తారు, అలికిన ఫోటో ఎవరూ చూడరు. ఇంకోటి, జూమ్ చెయ్యకండి. 18 దగ్గర ఎఫ్/3.5 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) ఉంటది, 55కి వెళ్ళేసరికి 5.6 అయిపోయి వెలుతురు సగం కన్నా తక్కువైపోద్ది. నడిచి దగ్గరకెళ్ళండి.

తంగేడుపువ్వు:
1/200 మంచిదే గానీ తమ్మీ, మీ కాడ ట్యూబ్‌లైట్లు, సీరియల్ లైట్లు ఉంటె జర చూసుకో. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువైతది, స్పీడు పెంచితే ఒక ఫోటో తెల్లగ ఒకటి పచ్చగ వస్తది, సగం ఫ్రేమ్ నల్లగ కూడ వస్తది. అట్లయితే 1/100కి దింపు, లైటు ఒక్కసారి ఎక్కి దిగేంత సేపు పడతది. చేతులు అలుకుతయ్ అంటవా, చప్పట్లు కలిసినప్పుడు చేతులు ఒక్క క్షణం ఆగుతయ్, అప్పుడు నొక్కు. రెండు మూడు చుట్లు ఊకె నిలబడి ఆ దరువు పట్టుకోవాలె, నేను ఎన్నడూ బర్స్ట్ (ఒక్క నొక్కుకు వరసగ ఫోటోలు) కొట్ట. అసలు పొద్దుగూకేటప్పుడే పో, ఆకాశంల వెలుతురు ఉండంగనే సగం పని అయిపోతది.

కిట్‌లెన్స్_బాధితుడు:
50ఎంఎం 1.8 మీ 55 ఎండ్ కన్నా తొమ్మిది పది రెట్లు వెలుతురు తీసుకుంటది, నిజమే. కానీ 1500డి క్రాప్ సెన్సార్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది, ఫోటోలో తక్కువ జాగా పడుతుంది), 1.6తో గుణిస్తే 80ఎంఎం లెక్క, ఇరుకు గల్లీలో గోడకి వీపు ఆనించినా ముగ్గురే పడతారు. పైగా 1.8లో ఒకళ్ళ మొహం ఫోకస్‌లో ఉంటే పక్కనున్నావిడ ఉండదు. ఒక్కరోజు అద్దెకి తెచ్చి చూడండి. ఇంకా బంతిపూలు నారింజ ముద్దలా వస్తుంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగు పెంచే తగ్గించే సెట్టింగ్) మైనస్ 2/3కి తగ్గించండి, రేకులు కనపడతాయి.

కొత్తకెమెరా_ఓరుగల్లు:
అందరికి థాంక్స్ అన్నా. చూసిన, అన్నీ 1/25, 1/30 ఉన్నయ్. నిన్న రాత్రి గల్లీల మా అక్క పిల్లలని చాక్లెట్ ఇస్తనని గుండ్రంగ ఉరికించిన, 1/200ల లైట్లు నిజంగనే పచ్చగ కొట్టినయ్, 1/100ల చప్పట్ల కాడ నొక్కితే పదిట్ల నాలుగొచ్చినయ్. 50ఎంఎం ఇప్పుడైతే కొనను. గానీ ఇంకొకటి, రా ఫార్మాట్‌ల (కెమెరా సవరించకుండ దాచే ఫైలు) పెట్టిన, ఇప్పుడు ఆ ఫైళ్లు మా అక్క ఫోన్‌ల ఓపెన్ కాట్లేవు, తిడుతుంది మళ్ల.

గోదారిగట్టు:
మెనూలో ఇమేజ్ క్వాలిటీలోకెళ్ళి రా ప్లస్ జేపెగ్ పెట్టండి, జేపెగ్‌లు అక్కకి, రా మీకు. కార్డు త్వరగా నిండుద్ది, సద్దుల రోజుకి ఇంకోటి జేబులో ఉంచుకోండి.