కండువా మార్చిన ఎమ్మెల్యేపై ఫిర్యాదు తేలేలోపే పదవీకాలం ముగిసిపోతే చట్టం ఏమైనట్టు?

ప్రశ్న: అమలాపురం దగ్గరి కొబ్బరి రైతు

మొన్న మా తోటలో దింపు ముగిశాక, వలుపు జరుగుతున్న రాశి పక్కన కూర్చుని నలుగురం మాట్లాడుకుంటుండగా ఈ వాదన వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2014లో గెలిచిన ప్రతిపక్ష ఎమ్మెల్యేల్లో 23 మంది అధికార పార్టీలోకి వెళ్లారు, వారిలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు, అయినా ఆ శాసనసభ గడువు తీరేదాకా వారిలో ఒక్కరిపైనా అనర్హత వేటు పడలేదు. తెలంగాణలో పార్టీ మారిన పదిమంది ఎమ్మెల్యేల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పార్టీ మారితే పదవి పోతుందని రాజ్యాంగంలోనే రాసి ఉన్నప్పుడు, ఇన్నేళ్లు నాన్చే అధికారం ఎవరికైనా ఎక్కడి నుంచి వచ్చింది? వేటు వేయవలసింది ఎన్నికల సంఘమని ఒకాయన, కోర్టని మరొకాయన అన్నారు. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: రాజమహేంద్రవరం న్యాయవాది

ఇద్దరి మాటా సరికాదండీ. 1985లో రాజ్యాంగ 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టంలోని ఆరో పేరా ప్రకారం ఆ నిర్ణయం సభాపతిదే (స్పీకరుదే). సభ్యుడు తన పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌కు, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, విరుద్ధంగా ఓటు వేసినా అనర్హుడవుతాడు. వదులుకోవడమంటే రాజీనామా లేఖ ఇవ్వడమే కానక్కరలేదని, నడవడికను బట్టి కూడా ఆ నిర్ధారణకు రావచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది కనుక, వేదికపై వేరే కండువా కప్పించుకుని కూడా "నేను రాజీనామా చేయలేదు కదా" అనే వాదన ఒక్కటే సభ్యుణ్ణి కాపాడదు.

మరి నాన్చుడు ఎలా సాధ్యమైందంటే, షెడ్యూలులో గడువు ప్రస్తావనే లేదు. సభాపతి నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చని 1992లో కిహోటో హోలోహాన్ కేసులో తేలింది, కానీ సమీక్షించడానికి ముందు నిర్ణయమంటూ ఒకటి ఉండాలి కదా. 2020లో మణిపూర్ ఫిరాయింపు కేసులో, అసాధారణ పరిస్థితులుంటే తప్ప మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు అన్నది. 2025 జూలై 31న తెలంగాణ కేసులో సభాపతికి అదే మూడు నెలల గడువు పెట్టి, ఈ అధికారాన్ని సభాపతి చేతిలోనే ఉంచడం తగునా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా పేర్కొంది.

సమాధానం: నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని, ముమ్మిడివరం

ఇది నాకు కాలువ భాషలోనే అర్థమవుతుంది. వంతులవారీగా నీరిచ్చే రోజుల్లో లస్కరు (కాలువకు నీరు వదిలే ఉద్యోగి) శివారు రైతుకు నీళ్లు ఇవ్వనని ఎప్పుడూ అనడు. లాకు తలుపు దగ్గర చూస్తూ కూర్చుంటే చాలు, వంతు దాటిపోతుంది, చేను ఎండుతుంది, ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి ఉండదు. అయిదేళ్ల సభలో ఫిర్యాదును నాలుగేళ్లు ఆపడం కూడా అలాంటిదే.

అయితే సభాపతులందరినీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. మన అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు, 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వంపై ఓటింగు జరిగింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఎంపీగా ఓటు వేయవచ్చా అన్న వివాదం వస్తే, స్పీకరు దాన్ని గమాంగ్ విచక్షణకే వదిలారు. ప్రభుత్వం 269–270తో పడిపోయింది. స్పీకరు సొంత పార్టీ ఆనాడు ప్రభుత్వం వైపు ఉంది. అది ఫిరాయింపు కేసు కాదని తెలుసు. ఆ కుర్చీలో ఉన్నవారు తమ పార్టీకి నష్టమైనా నిలబడగలరని చెప్పడానికే రాశాను.

సమాధానం: భీమవరం రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు

అలా నిలబడే వ్యక్తి దొరకడం మీద ఆధారపడితే అది చట్టమెలా అవుతుందండీ? మణిపూర్ తీర్పులోనే, విశ్రాంత న్యాయమూర్తి నేతృత్వంలో శాశ్వత ట్రిబ్యునల్ పెట్టే విషయం పరిశీలించమని కోర్టు సూచించింది. అయితే గడువు ఒక్కటే మందని కూడా నేను అనుకోను. శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది కలిసి వెళ్తే అదే షెడ్యూలు నాలుగో పేరా కింద విలీనమంటారు, వేటు పడదు. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్ 18 మందిలో 12 మంది అలాగే వెళ్లారు, సభాపతి గుర్తించారు. ఒక్కడు వెళ్తే ఫిరాయింపు, గుంపుగా వెళ్తే విలీనం అవుతుంటే, గడువు పెట్టినంత మాత్రాన ఓటరుకు న్యాయం జరుగుతుందా?

ప్రశ్నించినవారు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. మా ఊరి సర్పంచి గారు కూడా ఆమధ్య కండువా మార్చారు. ఆయనకూ ఇదే వర్తిస్తుందా?

న్యాయవాది

వర్తించదండీ. పదో షెడ్యూలు పార్లమెంటు, శాసనసభ, శాసనమండలి సభ్యులకే. పైగా మన రాష్ట్రంలో సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు కాబట్టి, చట్టం దృష్టిలో ఆయన వదిలిన పార్టీ అంటూ ఏదీ లేదు.